నాలుగు వరుసల ఫిబ్రవరి

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈ డైరీ డమ్మీ. బైండర్ మందం చూసుకోవడానికి కుట్టింది. అన్ని నెలలకీ ముప్పయ్యేసి పేజీలు వేసి కుట్టేశాడు, ఫిబ్రవరికి కూడా. చెత్తలో పడేస్తుంటే తెచ్చుకున్నాను. క్యాలెండర్ల ప్రెస్‌లో ప్రూఫ్ రీడర్‌కి తప్పుల డైరీ కాక ఇంకేం దక్కుతుంది.

జనవరి అంతా ఖాళీగా వదిలేసి ఇవాళ మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ నెల ఒకటో తారీఖు ఆదివారం, ఇరవై ఎనిమిది శనివారం. ఆదివారంతో వారం మొదలయ్యే క్యాలెండర్‌లో ఈ ఫిబ్రవరి సరిగ్గా నాలుగు వరుసలు. ముందూ వెనకా ఒక్క గడి ఖాళీ ఉండదు. మా ప్రెస్‌లో వేసేవన్నీ సోమవారం క్యాలెండర్లు. అందులో ఇదే నెల ఐదు వరుసలు, ఒకటో తారీఖు పై వరుసలో చివర ఒంటరిగా వేలాడుతుంది.

మధ్యాహ్నం మరదలు, మా తమ్ముడి భార్య, ఫ్రిజ్ ముందు నిలబడి, ఎంత ముచ్చటగా ఉందో ఈ నెల అని గోడతో చెప్పింది. గోడతో అంటే నాతో. డిసెంబర్ నుంచి మేమిద్దరం గోడల ద్వారానే మాట్లాడుకుంటున్నాం.

గొడవ క్యాలెండర్ దగ్గరే. కొత్త ఏడాదిది ముందే తెచ్చి వంటింట్లో తగిలించాను. ఆవిడ స్కూలు క్యాంటీన్ వాళ్లిచ్చింది తెచ్చి నాది తీసేసింది. నేను ఆవిడది తీశాను. ఆవిడ క్యాంటీన్‌లో వంట మనిషి, ఆరు రోజులు పొయ్యి ముందు నిలబడాలి, సెలవు ఆదివారం ఒక్కటే. వారం అనేది కాస్త నడుం వాల్చి మొదలుపెట్టాలి అంది. వారమంటే పనితో మొదలవుతుంది, అది రూలు అన్నాను. రూలు అనగానే ఆవిడకి ఒళ్లు మండింది. ఇప్పుడు ఫ్రిజ్‌కి ఎడమ పక్కన ఆవిడ ఏడాది, కుడి పక్కన నా ఏడాది.

ఎవరిది కరెక్టో చెప్పరా అని తమ్ముణ్ణి అడిగాం. మీరెలా అంటే అలా అన్నాడు. వాడు లిఫ్ట్ మెకానిక్. కింద నుంచి పైకీ పై నుంచి కిందకీ ఎవరు ఏ బటన్ నొక్కితే అటు పోయే మనిషి. అమ్మ పోయినప్పుడు వాడికి ఐదేళ్లు, నాకు పదహారు. ఈ అక్కే పెంచింది. ఏ చొక్కా కొంటే అది తొడుక్కున్నాడు. పెళ్లి విషయం అడిగినా అదే మాటన్నాడు.

వాడికి నోట్లో పుండు లేచింది. టీ వేడిగా తాగాడట.

ఫిబ్రవరి 2, సోమవారం, ఉదయం 7.15

సోమవారం కాబట్టి పసుపు మాత్ర ఇచ్చాను. వాడి చేతుల కీళ్లు వాచిపోయి స్పానర్ పట్టుకోలేకపోతుంటే, డిసెంబర్ మొదట్లో డాక్టర్ రాసిన మందు ఇది. వారానికి ఒక్కటే వేసుకోవాలి, వారం మొదట్లో పెట్టుకుంటే మర్చిపోరు అన్నాడట. వాడు చీటీ ఫోటో పంపితే ఆ సాయంత్రమే కొన్నాను. మరదలు పొద్దున ఐదింటికే క్యాంటీన్‌కి వెళ్లిపోతుంది. కాబట్టి ఈ పని నాది. స్ట్రిప్ నా బ్యాగులోనే ఉంటుంది. ఇచ్చిన ప్రతిసారీ ఆ మాత్ర గుంట వెనక రేకు మీద తేదీ రాస్తాను.

వాపు బాగా తగ్గింది. నేను దగ్గరుండి ఇస్తున్నాను కాబట్టి తగ్గింది.

ఫిబ్రవరి 5, గురువారం

ఒక పుండు నాలుగైంది. బ్రెడ్డు పాలలో నానబెట్టి మింగుతున్నాడు.

ఫిబ్రవరి 7, శనివారం

జ్వరం. జ్వరంతోనే డ్యూటీకి వెళ్లాడు. పన్నెండో అంతస్తులో లిఫ్ట్ మీద పని చేస్తుంటే కళ్లు తిరిగాయట, తోటి మెకానిక్ ఇంటికి తెచ్చి దింపాడు. ప్రెస్ దుమ్మంతా కొంతమంది చీర కొంగుకి అంటించుకుని ఇంటికి తెస్తారు అని మరదలు గోడకి చెప్పింది. క్యాంటీన్‌లో మిగిలిన సూప్ తెచ్చి పోస్తే జ్వరం రాక ఏమొస్తుంది అని నేను ఫ్రిజ్‌కి చెప్పాను. వాడు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

ఫిబ్రవరి 9, సోమవారం

జ్వరం తగ్గలేదు. పసుపు మాత్ర చేతిలో పెట్టాను. అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. అక్కా, ఇవాళ్టికి మానేస్తే ఏమవుతుంది అని అడిగాడు. మానేస్తే మళ్లీ స్పానర్ పట్టుకోలేవు, చిన్నపిల్లాడివా అని కసిరాను. ఇంకేదో చెప్పబోయాడు. నాకు బస్సు టైమైపోతోంది. గ్లాసు నోటికి ఆనించాను. మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, పుళ్లు మండి అనుకున్నాను.

ఇది పదో మాత్ర. స్ట్రిప్ అయిపోయింది. వచ్చే సోమవారం లోపల కొత్తది కొనాలి.

ఫిబ్రవరి 11, బుధవారం, సాయంత్రం 4

ఆసుపత్రిలో కూర్చుని రాస్తున్నాను. పొద్దున బాత్‌రూమ్‌లో పడిపోయాడు. ముక్కులోంచి రక్తం. కింది వాటా ఆయన వచ్చి ఎత్తాడు. రక్తంలో తెల్ల కణాలు నాలుగు వేలకి పైన ఉండాలట. వాడికి పన్నెండు వందలు ఉన్నాయి.

ఇక్కడి డాక్టరమ్మ మందుల గురించి అడిగింది. పసుపు మాత్ర గురించి మూడుసార్లు అడిగింది. వారానికి ఎన్ని అంటే ఒకటి అన్నాను. కొంతమంది పొరపాటున రోజూ వేసుకుంటారు, మీరలా ఇవ్వడం లేదు కదా అంది. నాకు ఎక్కడో కాలింది. ఇరవై రెండేళ్లలో ఒక్క తారీఖు తప్పు పోనివ్వని మనిషిని, తేదీలు వేసి మరీ ఇస్తున్నాను చూసుకోండని స్ట్రిప్ తీసి చేతిలో పెట్టాను. చూసి, సరే అంది. తర్వాత మరదల్ని విడిగా పిలిచి అడిగింది. ఆవిడా వారానికి ఒకటే అందట.

వాణ్ణి అడిగినా లాభం లేదు, నోరంతా పుళ్లు, మాట రావడం లేదు. వాడి బదులు నేనే చెప్పాను. ఎప్పుడూ నేనే చెప్తాను.

ఆ మాత్ర ఆపేశారు. వారానికి ఒకటి అంటే ఇంత ముదరదు, ఒంట్లో ఇంకేదో ఇన్ఫెక్షన్ ఉండి ఉంటుంది అని వెతుకుతున్నారు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పదమూడు, శుక్రవారం. వచ్చే నెల పదమూడు కూడా శుక్రవారమే. ఫిబ్రవరి కచ్చితంగా నాలుగు వారాలు కాబట్టి మార్చి కూడా అవే వారాల మీద నడుస్తుంది. లీపు కాని ఏడాది వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ప్రెస్‌కి ఫోన్ చేసి, ఒకే నెల రెండుసార్లు వేశారేంటి అని తగాదా పెట్టుకుంటారు. తప్పు కాదండీ, ఫిబ్రవరి అంతే అని చెప్పడం నాకు సరదా. ఇవాళ ఒకాయన చేశాడు. ఫోన్ పెట్టేశాను.

తెల్ల కణాల కౌంట్ తొమ్మిది వందలు.

ఫిబ్రవరి 15, ఆదివారం

వాణ్ణి విడి గదిలో పెట్టారు. మాస్కు, గౌను, ఒకసారికి ఒక్కరే. ప్రెస్‌లో సెలవు పెట్టాను. పగలు నేను, సాయంత్రం మరదలు. తలుపు దగ్గర ఎదురుపడతాం. ఆవిడ గడియారం చూస్తుంది, నేను నా చెప్పులు చూసుకుంటాను.

ఏ ఇన్ఫెక్షనో ఇంకా దొరకలేదు. ఎనిమిది రకాల పరీక్షలు చేశారు. దొరకాలి. దొరకాలి. దొరకాలి.

ఫిబ్రవరి 17, మంగళవారం, ఉదయం 11.10

వాడి కళ్లజోడు కోసం ఇంటికొచ్చాను. ఎక్కడా కనబడలేదు. చివరికి వంటింట్లో మరదలి బిస్కెట్ డబ్బా తీశాను. ఆవిడ డబ్బా నేనెప్పుడూ ముట్టుకోను. సూదులు, దారాలు, రబ్బరు బ్యాండ్లు. అడుగున ఒక ఖాళీ స్ట్రిప్. పసుపు మాత్రది. నాది నా బ్యాగులోనే ఉంది.

క్యాంటీన్‌లో ప్రతి డబ్బా మీదా తేదీ రాయడం ఆవిడకి అలవాటు. ఇక్కడా రాసింది. 7, 14, 21, 28, 4, 11, 18, 25, 1, 8.

నాది తీసి పక్కన పెట్టాను. 8, 15, 22, 29, 5, 12, 19, 26, 2, 9.

వేరే వాళ్లకి ఇవి అంకెలు. నాకు చూడగానే వారాలు కనిపించాయి. ఆవిడవన్నీ ఆదివారాలు. నావన్నీ సోమవారాలు. ఆదివారం పొద్దున నేను లాండ్రీకి పోతాను. సోమవారం పొద్దున ఆవిడ ఇంట్లో ఉండదు. చీటీ ఫోటో వాడు ఇద్దరికీ పంపాడు. ఇద్దరమూ కొన్నాం. వారం మొదట్లో ఇవ్వమన్నారని ఇద్దరమూ, ఎవరి వారం మొదట్లో వాళ్లం, ఇచ్చాం.

పది వారాలు. ఇరవై మాత్రలు.

11.40

ముందు ఆవిడ మీద కోపం వచ్చింది. ఇంత తెలివితక్కువ మనిషి ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాను. డాక్టరమ్మకి ఏం చెప్పాలో కూడా తయారుచేసుకున్నాను, మా మరదలు అదనంగా ఇచ్చేసిందండీ అని. తర్వాత, అదనం ఏది అని లెక్క చూశాను. ఏడో తారీఖు ముందు, ఎనిమిది తర్వాత. ప్రతి వారం ఆవిడ ఇచ్చాకే నేనిచ్చాను. అదనంగా ఇచ్చింది నేను.

12.30

ఆవిడ స్ట్రిప్ చెత్తబుట్టలో వేశాను. తీశాను. మళ్లీ వేశాను. మాత్ర ఎలాగూ ఆపేశారు కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తప్పు అచ్చయ్యాక కనిపిస్తే మా మేనేజర్ అనే మాట అది. ఆయన్ని ఎన్ని తిట్టుకున్నానో.

1.20

భయంగా ఉంది. వాడు పోతాడేమో అని కాదు. అదీ ఉంది. నా చేత్తో పోతాడేమో అని.

సాయంత్రం 5

చెప్పేశాను. రెండున్నరకి. రెండు స్ట్రిప్పులూ డాక్టరమ్మ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. అంకెలు చూసి, గోడ మీద క్యాలెండర్ చూసి, ఫోన్ తీసింది. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉందట. ఆరు గంటలకోసారి ఇస్తారట. చేరిన రోజే మొదలుపెట్టి ఉంటే అని ఏదో అనబోయి ఆపేసింది.

ఫిబ్రవరి 18, బుధవారం

మరదలికి డాక్టరమ్మే చెప్పింది. ఆవిడ కారిడార్‌లో నా ముందుకొచ్చి నిలబడింది. రెండు నెలల తర్వాత మొదటిసారి గోడతో కాదు, నాతో మాట్లాడింది. ఎన్నింటికి చూశారు వదినా అని అడిగింది. పదకొండు దాటింది అన్నాను. ఎన్నింటికి చెప్పారు అని అడిగింది. రెండున్నరకి అన్నాను. వెళ్లి బెంచీ అవతలి చివర కూర్చుంది.

తిరిగొచ్చి నన్ను నాలుగు మాటలు అంటుందేమో అని చూశాను. రాలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

వాడు మాట్లాడాడు. గుసగుసగా, ఒక్కో మాటా కష్టపడి. జరిగిందంతా నేనే చెప్పి, నన్ను క్షమించరా అన్నాను. నాకు తెలుసక్కా అన్నాడు.

రెండో వారానికే తెలిసిందట. ఆదివారం ఆవిడ ఇచ్చింది, సోమవారం నేనిచ్చాను, రెండూ ఒకే మాత్ర, వాడికి కళ్లు లేవా. మరి నోరెందుకు మెదపలేదురా అని అడిగాను. ఒకరి మాత్ర వద్దంటే ఇంకొకరి వారమే కరెక్టని తేల్చినట్టవుతుంది కదక్కా అన్నాడు. అప్పుడప్పుడే గొడవ చల్లారుతోందట. ఆవగింజంత మాత్ర, ఏమవుతుందిలే అనుకున్నాడట. తొమ్మిదో తారీఖున నాకు చెబుదామనే అనుకున్నాడట. నాకు బస్సు టైమైందని ఊరుకున్నాడట.

నర్సు టైమైపోయిందని బయటికి పంపేసింది. మెట్ల మీద కూర్చుండిపోయాను.

మా తమ్ముడు బంగారం, ఇంతవరకూ ఎదురుచెప్పి ఎరగడు అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని. ఎదురుచెప్పకూడదని నేర్పింది ఎవరు. వాడికి ఏడేళ్లప్పుడు ఒకసారి, అన్నంలో ఉప్పెక్కువైందక్కా అన్నాడు. నాకు పద్దెనిమిదేళ్లు, పొద్దుటి నుంచీ చాకిరీ, ఒళ్లు హూనమై ఉంది. అయితే తినకు అని కంచం లాగేశాను. వాడు గిన్నె దగ్గరికెళ్లి మళ్లీ పెట్టుకుని, బాగుందక్కా అంటూ తిన్నాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఏమీ అనలేదు. నేను మర్చిపోయాను. ఇవాళ మెట్ల మీద గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 21, శనివారం

కౌంట్ ఆరు వందలు. ఇంజెక్షన్ పనిచెయ్యడానికి టైం పడుతుందట.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఐదు వందలు.

ఫిబ్రవరి 23, సోమవారం

ఒక్క గంట వచ్చి వెళ్లమని మేనేజర్ బతిమాలాడు. వచ్చే ఏడాది క్యాలెండర్ మొదటి ప్రూఫ్ వచ్చింది, నా సంతకం లేకుండా ముందుకి పోదు.

వచ్చే ఏడాది ఫిబ్రవరి ఒకటో తారీఖు సోమవారం. అంటే మా సోమవారం క్యాలెండర్‌లో సరిగ్గా నాలుగు వరుసలు. ఈ ఏడాది నెల ఆవిడది, వచ్చే ఏడాది నెల నాది. డిసెంబర్‌లోనే లెక్కేసి పెట్టుకున్నాను. ఒక్క ముక్క మాట్లాడకుండా ఆ పేజీ తెరిచి ఫ్రిజ్ పక్కన తగిలించి, ఆవిడ మొహం చూద్దామనుకున్నాను. ఎన్ని నెలల ముందు నుంచి ఎంత చిన్న సంతోషానికి కాచుకుని కూర్చున్నానో.

ప్రూఫ్ ముందు కూర్చున్నాను. ప్రతి వరుసలో మొదటి గడిలో పసుపు మాత్ర కనిపించింది. ఒకటి, ఎనిమిది, పదిహేను, ఇరవై రెండు. పెన్ను మూత పెట్టి వచ్చేశాను. మేనేజర్ వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 25, బుధవారం

ఊపిరితిత్తులకి పాకింది. ఆక్సిజన్ పెట్టారు. మూడు గంటలు ఆలస్యం చేశావని డాక్టరమ్మ అనలేదు, నేనే అనుకుంటున్నాను. పదకొండు పది నుంచి రెండున్నర వరకు. నిజానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇక్కడ కూడా తగ్గించి రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 26, గురువారం

మరదలు క్యాంటీన్ నుంచి రెండు డబ్బాలు తెచ్చింది. ఒకటి నా పక్కన పెట్టింది. మూత మీద తేదీ ఉంది.

ఫిబ్రవరి 28, శనివారం

నాలుగో వరుస, చివరి గడి. కౌంట్ నాలుగు వందలు. మనిషి పిలిస్తే పలకడం లేదు.

పిలవాల్సిన వాళ్లుంటే పిలవమంది డాక్టరమ్మ. ఎవరున్నారు. ఇద్దరమూ ఇక్కడే ఉన్నాం.

ఈ నెలలో ఖాళీ గడి లేదని ఒకటో తారీఖున వేడుకగా రాసుకున్నాను. ఇప్పుడు ఒక్క గడి ఎక్కువ కావాలి. ఒక్కటి. వాడు చేసిన పాపం ఏంటి. మా ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు, అంతే కదా.

ఫిబ్రవరి 29

ఇలాంటి రోజు ఈ ఏడాది లేదు. బయట మార్చి ఒకటి, ఆదివారం. పేజీ తిప్పి మార్చిలో రాయడానికి చెయ్యి రావడం లేదు. బైండర్ రెండు రోజులు ఎక్కువ కుట్టాడు కదా, వాడుకుంటాను.

పొద్దున మరదలు బెంచీ మీద జరిగి నా పక్కకొచ్చింది. ఆదివారమా సోమవారమా, నిజంగా రూలు ఏదైనా ఉందా వదినా అని అడిగింది. ఇంకా అబద్ధం ఎవరి కోసం. లేదని చెప్పాను. ఒక్కో చోట ఒక్కో రోజు, శనివారంతో మొదలుపెట్టే వాళ్లూ ఉన్నారు. మా ప్రెస్‌లో సోమవారం ఎందుకంటే, మొట్టమొదటి ఆర్డర్ ఇచ్చిన ఆఫీసు అలా అడిగింది. తర్వాత ఎవరూ మార్చలేదు. నేను చేరేటప్పటికే అలా ఉంది. దాన్నే ఇరవై రెండేళ్లు రూలు రూలు అని ఊదరగొట్టాను.

మా పుట్టింట్లో ఉండేది సోమవారం క్యాలెండరే వదినా అంది. మీరు రూలు అన్నారని ఒళ్లుమండి ఆదివారానికి పట్టుబట్టాను అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఆవిడ చెయ్యి నా చేతి మీద పెట్టింది. వంట చేసే చెయ్యి, గరుగ్గా ఉంది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. కౌంట్ తొమ్మిది వందలు. అచ్చుతప్పేమో, ఇంకోసారి చూడండని అడిగాను. తప్పు కాదట.

ఫిబ్రవరి 30

పదిహేడు వందలు. ఆక్సిజన్ తీసేశారు. ఇద్దర్నీ ఒకేసారి లోపలికి రానిచ్చారు.

వాడు కళ్లు తెరిచాడు. ఇవాళ ఏ రోజు అని అడిగాడు.

నేను మరదలి వైపు చూశాను, ఆవిడ చెప్పనీ అని. ఆవిడ నా వైపు చూసింది. మేమలా చూసుకోవడం వాడు చూశాడు. గబగబా, ఫర్లేదులే, మీరెలా అంటే అలా అన్నాడు.